నేల విడవని సిమ్యులేషన్

మన ఈసీఈ, సీఎస్ఈ వాళ్ళలో చాలామందికి మూడో ఏడాదికల్లా ఎన్‌ఎస్-3తో పని పడుతుంది. యాభై నోడ్లు పెట్టడం, వాటిని ఒక చదరంలో తిప్పడం, రెండు రౌటింగ్ ప్రోటోకాల్స్‌ని పోటీకి దించడం, ఏది ఎక్కువ ప్యాకెట్లు చేరవేసిందో గ్రాఫ్ గీయడం. ఇదీ వరస. గ్రాఫ్ అందంగానే వస్తుంది. కానీ ఆ గ్రాఫ్ దేని గురించి చెబుతోంది? ప్రోటోకాల్ గురించా, మనం ముట్టుకోకుండా వదిలేసిన డిఫాల్ట్ విలువల గురించా?

నేల విడిచి సాము చేయకూడదంటారు మన పెద్దలు. వైర్‌లెస్ సిమ్యులేషన్‌కి నేల అంటే గోడలు, చెట్లు, మనుషులు, రోడ్లు, పక్కవాడి వైఫై. అలాగని వీటన్నిటినీ ప్రోగ్రామ్‌లోకి కుక్కమని నేను చెప్పడం లేదు. మన ఫలితం ఏ ఊహ మీద ఆధారపడి ఉందో ముందు కనిపెట్టాలి, ఆ ఊహని కొలతతో సరిచూడాలి. ఈ వ్యాసంలో నేను చెప్పేదంతా ఈ రెండు పనుల గురించే. ఎన్‌ఎస్-3ని ఉదాహరణగా తీసుకుంటున్నాను గానీ, వేరే సిమ్యులేటర్ వాడేవాళ్ళకి కూడా ఇవే లెక్కలు పనికొస్తాయి.

ఆరు నమ్మకాలు

2004లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీకి చెందిన డేవిడ్ కోట్జ్, ఆయన సహచరులు ఒక పరిశోధనా వ్యాసం రాశారు. వైర్‌లెస్ సిమ్యులేషన్లు చేసేవాళ్ళు పైకి చెప్పకుండానే నమ్మే విషయాలు ఆరు ఉన్నాయని అందులో లెక్క తేల్చారు. వాటిని నా మాటల్లో చెబుతాను.

ఒకటి, భూమి బల్లపరుపుగా ఉంటుంది. రెండు, రేడియో అందే ప్రాంతం కచ్చితమైన వృత్తం. మూడు, అన్ని రేడియోల రేంజ్ సమానం. నాలుగు, నీ మాట నాకు వినిపిస్తే నా మాట నీకూ వినిపిస్తుంది. ఐదు, వినిపించిందంటే పూర్తిగా వినిపించినట్టే. ఆరు, సిగ్నల్ బలం దూరాన్ని బట్టి మాత్రమే మారుతుంది.

వాళ్ళు ఊరికే విమర్శించి వదిలేయలేదు. ముప్పైకి పైగా ల్యాప్‌టాప్‌లు మనుషుల చేతికిచ్చి ఒక ఆట మైదానంలో నడిపించారు. ఎవరి ప్యాకెట్ ఎవరికి ఎంత దూరంలో అందిందో జీపీఎస్‌తో సహా నమోదు చేశారు. ఈ నమ్మకాలు వాస్తవానికి ఎంత దూరమో ఆ కొలతలతోనే చూపించారు. గోడల్లేని మైదానంలోనే పరిస్థితి అలా ఉంటే మన హాస్టల్ బ్లాక్‌లో ఎలా ఉంటుందో ఊహించుకోండి.

నాలుగో నమ్మకం సంగతి మనందరికీ అనుభవమే. ఫోన్‌లో వైఫై గీతలు నిండుగా కనిపిస్తాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. దీనికి కారణాలు చాలా ఉండొచ్చు, వాటిలో ఒకటి ఇది: రౌటర్ ఎక్కువ పవర్‌తో పంపుతుంది కాబట్టి దాని మాట ఫోన్‌కి వినిపిస్తుంది, ఫోన్ తక్కువ పవర్‌తో పంపుతుంది కాబట్టి దాని మాట రౌటర్‌కి చేరదు. అన్ని నోడ్లకీ ఒకే పవర్ పెట్టిన సిమ్యులేషన్‌లో ఈ పరిస్థితి ఎప్పటికీ రాదు. మనం పరీక్షిస్తున్న ప్రోటోకాల్ రెండు వైపులా నడిచే లింక్‌ల మీదే బతికేదైతే, దాని అసలు బలహీనత మనకి కనపడనే కనపడదు.

వంద మీటర్ల లెక్క

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మొదటి మీటరులోనే సిగ్నల్ దాదాపు 40 డెసిబెల్స్ నష్టపోతుంది. ఆ తర్వాతి నష్టానికి అందరూ వాడే సూత్రం ఇది:

నష్టం = 40 + 10 × ఘాతాంకం × లాగ్ (దూరం మీటర్లలో)

ఇక్కడ లాగ్ పది ఆధారంగా తీసుకున్నది. వంద మీటర్లకి లాగ్ విలువ 2. కాబట్టి నష్టం 40 + 20 × ఘాతాంకం. పంపే పవర్ 16 డీబీఎం, అంటే 40 మిల్లీవాట్లు అనుకుందాం. ఎన్‌ఎస్-3 వైఫైలో డిఫాల్ట్ కూడా ఇంతే. ఇటు వినేవైపు 20 మెగాహెర్ట్జ్ ఛానల్‌లో సహజంగా ఉండే నాయిస్ −101 డీబీఎం. రిసీవర్ తనవంతుగా 7 డెసిబెల్స్ కలుపుతుందనుకుంటే −94.

ఘాతాంకం 2 అయితే, అంటే అడ్డేమీ లేని ఖాళీ ప్రదేశమైతే, అందే సిగ్నల్ −64. నాయిస్ కన్నా 30 డెసిబెల్స్ పైన. వీడియో హాయిగా నడుస్తుంది.

ఘాతాంకం 3 అయితే −84. నాయిస్ కన్నా 10 డెసిబెల్స్ పైన. లింక్ ఉంటుంది, వేగం పడిపోతుంది.

ఘాతాంకం 4 అయితే −104. నాయిస్ కిందకి 10 డెసిబెల్స్ మునిగిపోయింది. లింకే లేదు.

అవే వంద మీటర్లు, అదే రేడియో, అదే ప్రోటోకాల్. మార్చింది ఒక్క అంకె. పాఠ్యపుస్తకాల్లో ఈ ఘాతాంకం ఖాళీ ప్రదేశానికి 2, నగరాల్లో బయట 2.7 నుంచి 3.5, అడ్డుగోడలున్న భవనాల్లో 4 నుంచి 6 అని ఉంటుంది. పొడవాటి వరండాలో సిగ్నల్ గొట్టంలో నీళ్ళలా సాగి, ఘాతాంకం 2 కన్నా తగ్గడం కూడా ఉంది. మనం ఎంచుకున్న చోటు ఏదో చెప్పకుండా ఏ ప్రోటోకాల్ మంచిదో చెప్పడం ఎలా కుదురుతుంది?

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఎన్‌ఎస్-3లోని లాగ్ డిస్టెన్స్ మోడల్‌లో ఘాతాంకం డిఫాల్ట్ 3. మొదటి మీటరు నష్టం మాత్రం 46.67 డెసిబెల్స్. అది 5.15 గిగాహెర్ట్జ్‌కి లెక్కగట్టిన విలువ. వైఫైని 2.4 గిగాహెర్ట్జ్‌కి మార్చినంత మాత్రాన ఈ అంకె దానంతటది మారదు. వదిలేస్తే దాదాపు 6.7 డెసిబెల్స్ అదనపు నష్టం లెక్కలోకి వస్తుంది, ఘాతాంకం 3 దగ్గర రేంజ్ సుమారు 40 శాతం కుంచించుకుపోతుంది. ఎర్రర్ మెసేజ్ రాదు. గ్రాఫ్ మాత్రం వస్తుంది!

నీడ వేరు, మినుకు వేరు

ఒకే దూరంలో ఉన్న రెండు చోట్ల సిగ్నల్ ఒకేలా ఉండదు. ఒకచోట మధ్యలో వాటర్ ట్యాంక్ ఉంటుంది, ఇంకోచోట ఉండదు. దీన్ని షాడోయింగ్ అంటారు, మనం నీడ అనుకుందాం. డెసిబెల్స్‌లో చూస్తే ఇది సగటు చుట్టూ గంట ఆకారంలో పరుచుకుంటుంది. బయటి ప్రదేశాల్లో ప్రామాణిక విచలనం సాధారణంగా 4 నుంచి 12 డెసిబెల్స్ మధ్య తీసుకుంటారు.

రెండోది ఫేడింగ్. సిగ్నల్ రకరకాల దారుల్లో తిరిగొచ్చి తనతో తానే కలిసి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఫోన్ కొన్ని సెంటీమీటర్లు జరిపినా మారుతుంది. నేరుగా కనిపించే దారి లేనిచోట దీనికి రేలీ మోడల్, కాస్త సర్దుబాటు కావాలంటే నాకగామి మోడల్ వాడతారు.

తేడా గుర్తుపెట్టుకోవాల్సింది ఎక్కడంటే, నీడ చోటుని పట్టుకుని ఉంటుంది, ఫేడింగ్ క్షణక్షణం మినుకుతుంది. సగటుకి ఒక ర్యాండమ్ విలువ కలిపేసి నీడ పెట్టామనుకోవడం సులువు. ఎన్‌ఎస్-3లోని సాదా ర్యాండమ్ లాస్ మోడల్ ప్రతి ప్యాకెట్‌కీ కొత్త విలువ తీస్తుంది. అంటే వాటర్ ట్యాంక్ ఈ ప్యాకెట్‌కి ఉంది, వచ్చే ప్యాకెట్‌కి లేదు! నిలకడగా ఉండే నీడ కావాలంటే, నోడ్ల జంటకి ఒకసారి తీసిన విలువను గుర్తుపెట్టుకునే బిల్డింగ్స్ మాడ్యూల్ గానీ, నోడ్ కదిలినకొద్దీ నీడను మెల్లగా మార్చే త్రీజీపీపీ మోడల్స్ గానీ చూడాలి.

హాస్టల్ వరండాలో కొలత

ఘాతాంకం ఎంత పెట్టాలో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఒక రౌటర్, ఒక ఆండ్రాయిడ్ ఫోన్, ఒక టేపు, ఒక సాయంత్రం చాలు. సిగ్నల్ బలాన్ని డీబీఎంలో చూపించే ఉచిత యాప్స్ దొరుకుతాయి.

రౌటర్‌ని 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకే ఛానల్‌కి కట్టేయండి. 1, 2, 5, 10, 20, 40 మీటర్ల దగ్గర గుర్తులు పెట్టండి. ప్రతి గుర్తు దగ్గరా నాలుగు దిక్కులకీ తిరిగి కనీసం యాభై రీడింగులు రాసుకోండి. తిరగడం ఎందుకంటే, మన ఒంట్లో నీరే ఎక్కువ కాబట్టి, రౌటర్‌కి వీపు పెట్టి నిలబడితే సిగ్నల్‌కి మనమే అడ్డు. ఫోన్ మధ్యలో వేరే రౌటర్‌కి గెంతిందేమో కూడా చూసుకోవాలి, హాస్టల్లో ఒకే పేరుతో చాలా రౌటర్లుంటాయి కదా.

1 మీటరు దగ్గర సగటు −38, 10 మీటర్ల దగ్గర −66 వచ్చిందనుకుందాం. దూరం పది రెట్లయితే 28 డెసిబెల్స్ పోయింది. అంటే ఘాతాంకం 2.8. ఆరు చోట్ల సగటులూ లాగ్ గ్రాఫ్ మీద పెట్టి మధ్యగా ఒక గీత గీస్తే దాని వాలే మనకి కావాల్సిన అంకె. ఒక్కో దూరంలో ఒక్కచోటే కాకుండా గదుల్లో, మెట్ల దగ్గర కూడా కొలిస్తే, బిందువులు గీత నుంచి ఎంత చెదిరాయో అదే నీడ తాలూకు విచలనం.

ఫోన్ చూపించే అంకె ప్రయోగశాల పరికరంలా కచ్చితం కాదు. ఒక్కో చిప్ ఒక్కోలా చూపిస్తుంది. కానీ ఒకే ఫోన్‌తో తీసిన రెండు రీడింగుల మధ్య తేడా చాలావరకు పనికొస్తుంది, ఘాతాంకానికి కావాల్సింది ఆ తేడాయే.

పోతే గుంపుగా పోతాయి

ప్యాకెట్ నష్టం 10 శాతం అని ఒక్క అంకె ఇస్తే మన సిమ్యులేటర్ ప్రతి ప్యాకెట్‌కీ విడివిడిగా బొమ్మా బొరుసూ వేస్తుంది. నిజంలో ప్యాకెట్లు అలా పోవు. లారీ ఒకటి అడ్డొచ్చిందంటే అది దాటేదాకా అన్నీ పోతాయి. దీన్ని పట్టుకోవడానికి 1960లో గిల్బర్ట్, తర్వాత 1963లో ఇలియట్ తయారు చేసిన చిన్న మోడల్ ఉంది. లింక్‌కి రెండే స్థితులు, మంచి, చెడు. మంచిలో ఉంటే మంచిలోనే కొనసాగే అవకాశం ఎక్కువ, చెడులో ఉంటే చెడులోనే.

దీని విలువ తెలియాలంటే రోడ్డు మీద వాహనాలు ఒకదానికొకటి హెచ్చరికలు పంపుకునే వ్యవస్థని తీసుకోండి. ప్రతి బండీ సెకనుకి పది సందేశాలు పంపుతుంది. వరసగా ఐదు పోతే అర సెకను పాటు ముందు బండి సంగతి మనకి తెలియదు. గంటకి 72 కిలోమీటర్ల వేగంలో ఆ అర సెకనులో బండి 10 మీటర్లు ముందుకెళ్ళిపోతుంది.

నష్టం 10 శాతం, ప్యాకెట్లు విడివిడిగా పోతాయి అనుకుంటే వరసగా ఐదు పోయే అవకాశం 0.1ని ఐదుసార్లు హెచ్చవేస్తే వస్తుంది. లక్షకి ఒకటి. ఇప్పుడు నష్టం అదే 10 శాతం ఉంచి, చెడు స్థితిలో ప్రతి ప్యాకెట్టూ పోతుందని, ఒకటి పోయాక తర్వాతిదీ పోయే అవకాశం 0.8 అని పెట్టండి. అప్పుడు 0.1 × 0.8 × 0.8 × 0.8 × 0.8, అంటే 0.041. వందకి నాలుగు. సగటు నష్టంలో వెంట్రుకవాసి తేడా లేదు, ప్రమాదం మాత్రం నాలుగు వేల రెట్లు పెరిగింది. సగటు మాత్రమే చూపించే గ్రాఫ్‌లో ఈ రెండు లింకులూ ఒకటే. రోడ్డు మీద బ్రేకు వేయాల్సినవాడికి ఒకటి కావు.

నోడ్లు ఎలా నడవాలి

నోడ్ల కదలికకి ఎక్కువమంది వాడేది ర్యాండమ్ వేపాయింట్. నోడ్ ఒక బిందువు ఎంచుకుంటుంది, ఒక వేగం ఎంచుకుంటుంది, అక్కడికి నడుస్తుంది, కాసేపు ఆగి మళ్ళీ ఇంకో బిందువు ఎంచుకుంటుంది. 2003లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన యూన్, లియు, నోబుల్ ఇందులో ఒక లోపం చూపించారు. కనిష్ఠ వేగం సున్నా పెడితే నోడ్ల సగటు వేగం కాలం గడిచేకొద్దీ తగ్గుతూనే పోతుంది.

ఎందుకో లెక్కేద్దాం. 500 మీటర్ల ప్రయాణం. సెకనుకి 20 మీటర్ల వేగం తగిలిన నోడ్ 25 సెకన్లలో చేరి మళ్ళీ చీటీ తీస్తుంది. సెకనుకి 0.1 మీటరు తగిలిన నోడ్‌కి 5000 సెకన్లు పడుతుంది. మన సిమ్యులేషన్ మొత్తం 900 సెకన్లే అయితే ఆ నోడ్ చివరిదాకా పాకుతూనే ఉంటుంది. వేగంగా పోయేవి మాటిమాటికీ చీటీ తీస్తూ ఒక్కొక్కటే నెమ్మది వేగంలో ఇరుక్కుంటాయి. సగటు వేగం సెకనుకి 10 మీటర్లని రిపోర్టులో రాస్తాం, నోడ్లు మాత్రం అంతకన్నా నెమ్మదిగా నడుస్తుంటాయి.

విరుగుడు సులువే. కనిష్ఠ వేగం సున్నాకి పైన పెట్టాలి, మొదటి కొంత సమయం ఫలితాలు లెక్కలోంచి తీసేయాలి. ఎన్‌ఎస్-3లో మొదటి క్షణం నుంచే స్థిరపడ్డ స్థితిలో మొదలయ్యే స్టెడీ స్టేట్ ర్యాండమ్ వేపాయింట్ మోడల్ విడిగా ఉంది.

బండ్ల నెట్‌వర్క్ అయితే ఇది కూడా సరిపోదు, బండ్లు గోడల్లోంచి వెళ్ళవు కదా. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి మనకి కావాల్సిన కూడలి దించుకుని, జర్మనీకి చెందిన డీఎల్‌ఆర్ సంస్థ తయారు చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ సుమోలో ట్రాఫిక్ నడిపి, ఆ కదలికల ఫైల్‌ని ఎన్‌ఎస్-3కి ఇవ్వొచ్చు. కాకపోతే సుమో మామూలుగా ఒక లేన్‌లో బండి వెనక బండిని నడుపుతుంది. మన అమీర్‌పేటలోనో, బెంజ్ సర్కిల్‌లోనో బైకులు ఆటోల పక్కసందుల్లోంచి ముందుకొచ్చి సిగ్నల్ దగ్గర గుంపు కడతాయి. గుంపు కట్టడమంటే రేడియోలు కూడా ఒకచోట గుంపు కట్టడమే, ఒకరి ప్యాకెట్లు ఒకరివాటితో గుద్దుకోవడమే. అందుకని మన రోడ్ల మీద పనిచేసేవాళ్ళు సుమోలోని సబ్‌లేన్ మోడల్ ఆన్ చేసుకోవాలి, బైకుల వాటా తమ కూడలిలో నిలబడి లెక్కపెట్టి ఇవ్వాలి.

ఒక్కసారి తిప్పితే చాలదు

ఎన్‌ఎస్-3లో ర్యాండమ్ సీడ్ డిఫాల్ట్‌గా మారదు. ఎన్నిసార్లు రన్ చేసినా అదే ఫలితం వస్తుంది. తప్పు వెతుక్కునేటప్పుడు అది వరం. కానీ ప్రతిసారీ అదే అంకె వస్తోంది కాబట్టి ఫలితం నమ్మదగ్గదే అనుకుంటే ప్రమాదం. సీడ్ అలాగే ఉంచి రన్ నంబర్ మారుస్తూ తిప్పాలి.

పది రన్‌లలో ఒక ప్రోటోకాల్ సగటున 84 శాతం ప్యాకెట్లు చేర్చింది, ఇంకోటి 81 శాతం చేర్చింది, రెండింటి విచలనం 4 అనుకుందాం. 95 శాతం నమ్మకానికి సగటుకి అటూ ఇటూ ఇవ్వాల్సిన ఖాళీ 2.26 × 4 ÷ √10, అంటే దాదాపు 2.9. మొదటిది 81.1 నుంచి 86.9, రెండోది 78.1 నుంచి 83.9. ఒకదాని మీదకి ఇంకోటి వచ్చేశాయి. మొదటిదే గెలిచిందని ఈ పది రన్‌లతో చెప్పలేం. అవే సగటులు ముప్పై రన్‌ల తర్వాత కూడా నిలిస్తే ఖాళీ 1.5కి తగ్గుతుంది, అప్పుడు చెప్పొచ్చు. రెండు ప్రోటోకాల్స్‌కీ ఒకే రన్ నంబర్లు వాడితే ఒకే కదలికల మీద పోటీ జరుగుతుంది, పోలిక ఇంకా న్యాయంగా ఉంటుంది.

ఇది విద్యార్థుల సమస్య మాత్రమే అనుకోకండి. 2005లో కుర్కోవ్‌స్కీ, క్యాంప్, కొలగ్రోసో అనే పరిశోధకులు మోబిహాక్ సదస్సులో అప్పటికి ఆరేళ్ళుగా వచ్చిన 151 వ్యాసాలు చదివారు. 114 వ్యాసాల్లో సిమ్యులేషన్ ఉంది. చాలావాటిలో ఇంకొకరు తిరిగి చేసి చూడడానికి కావాల్సిన వివరాలు లేవు, గ్రాఫుల మీద ఈ అటూ ఇటూ ఖాళీలు చూపించినవి కొద్దే.

ఎంత నిజం చాలు?

ఇంత చెప్పాక ఒక భయం పుట్టడం సహజం. ప్రతి గోడా, ప్రతి చెట్టూ పెట్టాలా? ఇప్పుడు అదీ సాధ్యమే. ఎన్విడియా విడుదల చేసిన సియోనా లాంటి ఉచిత సాధనాలు త్రీడీ మ్యాప్ మీద ఒక్కో కిరణం ఎక్కడ తగిలి ఎటు మళ్ళిందో లెక్కగడతాయి. కానీ ఆ మ్యాప్ ఎవరివ్వాలి? మన ఊళ్ళలో చాలాచోట్ల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో భవనాల రూపురేఖలే పూర్తిగా ఉండవు. తప్పు మ్యాప్ మీద కచ్చితమైన లెక్క చేసి లాభం లేదు.

అందుకని నేను పాటించే పద్ధతి చిన్నది. ముందు మామూలు మోడల్‌తో ఫలితం తీస్తాను. తర్వాత ఒక్కో ఊహనీ విడిగా కదిలిస్తాను. ఘాతాంకం 2.5 నుంచి 4 దాకా, నీడ 0 నుంచి 8 డెసిబెల్స్ దాకా, నష్టం విడివిడిగా ఒకసారి, గుంపుగా ఒకసారి. ఏది కదిపినా ఫలితం తలకిందులు కాకపోతే ఆ ఊహని అలాగే వదిలేయొచ్చు. ఏది కదిపితే గెలిచినవాడు ఓడిపోతున్నాడో దాని మీద సాయంత్రం ఖర్చుపెట్టి నిజంగా కొలవాలి. వీలైతే మూడు ల్యాప్‌టాప్‌లతో ఒక చిన్న నెట్‌వర్క్ కట్టి, అదే అమరికని సిమ్యులేటర్‌లో పెట్టి, రెండు అంకెలూ పక్కపక్కన చూసుకోవాలి. మూడు నోడ్ల దగ్గరే పొంతన కుదరకపోతే యాభై నోడ్ల గ్రాఫ్‌కి అర్థం లేదు.

రిపోర్టులో ఒక పేజీ దీనికి కేటాయించండి. సిమ్యులేటర్ వెర్షన్, ఫ్రీక్వెన్సీ, పవర్, పాత్‌లాస్ మోడల్, ఘాతాంకం, అది ఎక్కడ కొలిచారో, కదలిక మోడల్, కనిష్ఠ గరిష్ఠ వేగాలు, సీడ్, రన్‌ల సంఖ్య, లెక్కలోంచి తీసేసిన సమయం. మీ తర్వాతి బ్యాచ్ వాళ్ళు ఆ పేజీ చూసి మీ గ్రాఫ్‌ని మళ్ళీ తెచ్చుకోగలగాలి. వైవాలో ఈ విలువ ఎక్కడిది అని అడిగినప్పుడు డిఫాల్ట్ అండీ అనే జవాబుకీ, మన బ్లాక్ రెండో అంతస్తులో కొలిచామండీ అనే జవాబుకీ తేడా ఎగ్జామినర్‌కి వెంటనే తెలుస్తుంది. రేపు ఎవరైనా మీ ఫలితం చూసి నిజంగానే నెట్‌వర్క్ కడితే, ఆ తేడా వాళ్ళకి ఇంకా బాగా తెలుస్తుంది.